నల్లగుడ్డ మీద అరవై

అరవయ్యో వరస దాకా ఒక్క ఎర్రపుల్ల కూడా పడలేదు.

పరిశోధన క్షేత్రంలో ఆ పొద్దున జరుగుతున్న పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. వరి మడిలో వరసకు పదిహేను మొక్కలు. ఒక్కో మొక్క దగ్గరా వంగి, దుబ్బును రెండు చేతులతో విడదీసి, మొదలు ఏ రంగులో ఉందో చూడాలి. తల్లి మొక్క మొదలు పచ్చన. తండ్రిది ఊదా. ఉప్పు తేలిన నేలలో కూడా చావకుండా నిలబడే మొండిఘటం ఆ తండ్రి. ఇద్దరికీ నిజంగా సంకరం జరిగి ఉంటే పిల్లమొక్క మొదలు ఊదాగానే ఉంటుంది. పచ్చగా ఉందంటే తండ్రి పుప్పొడి దానికి అంటనేలేదని, తల్లి పువ్వు తన పుప్పొడితో తానే గింజ కట్టేసిందని అర్థం. అంటే, ఆ పువ్వులోంచి పుప్పొడి ఉండే కేసరాలు తీసిన మనిషి ఒకటో రెండో లోపలే వదిలేసిందన్నమాట. అలాంటి మొక్క పక్కన ఎర్రపుల్ల గుచ్చుతారు.

సైంటిస్టు మేడమ్ వంగి చూస్తోంది. సూపర్‌వైజర్ పుస్తకంలో రాసుకుంటున్నాడు. పుల్లల కట్ట చంకలో పెట్టుకుని ఆరక్క వాళ్ళ వెనకాల గట్టు మీద నడుస్తోంది.

ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. వరి పువ్వులో కేసరాలు ఆరు. కేసరాలు తీసే షెడ్డులోకి కొత్తగా ఎవరొచ్చినా ఆవిడ చెప్పే మొదటి మాటా ఆఖరి మాటా ఒకటే: ఆరూ తీశావా? ఇరవై ఆరేళ్ళుగా అదే అడిగీ అడిగీ ఆరక్క అయి కూర్చుంది. మేడమ్ కూడా చదువుకునే రోజుల్లో ఆ షెడ్డులోనే, ఆవిడ పక్కనే పీట వేసుకుని ఫోర్సెప్స్ పట్టుకోవడం నేర్చుకుంది. తప్పు పట్టు పడితే ఆరక్క వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. ఇప్పటికీ మేడమ్ ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ మురిసిపోతూ చెప్పుకుంటుంది.

ఎవరు కేసరాలు తీసిన వరి వెన్నుకు వాళ్ళే కాగితం సంచి తొడిగి, చీటీ మీద తమ గుర్తు వేయడం అక్కడి పద్ధతి. తర్వాత ఒక్కో సంచిలోని గింజలను ఒక్కో వరసగా నాటుతారు. ఆరక్కది సున్నా. ఇప్పుడు చూస్తున్న వంద వరసలూ కొక్కెం గుర్తువి, అంటే టైలరమ్మవి. టైలరమ్మకు ముప్పై అయిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. పనిచేసే కుట్టు దుకాణం మూతపడితే నిరుడు ఇక్కడ రోజుకూలీగా చేరింది. మాట తక్కువ. దుకాణంలో కుట్లు లెక్కపెట్టిన అలవాటేమో, ఇక్కడ అన్నీ లెక్కపెడుతుంది.

అరవై ఒకటో వరసలో మేడమ్ వెనక్కి చూడకుండానే చెయ్యి చాచింది. ఆరక్క పుల్ల అందించింది. అరవై రెండులో రెండు పడ్డాయి. అరవై నాలుగులో మూడు. డెబ్బై దాటేసరికి ఆరక్క మొక్కలకేసి చూడటం మానేసింది. పుల్లలు అందిస్తూనే ఉంది గానీ, చేతులు తనవి కావన్నట్టున్నాయి. వంద పూర్తయ్యేసరికి సగం కట్ట ఖాళీ.

సూపర్‌వైజర్ కారణం చెప్పడానికి అట్టే ఆలోచించలేదు. అరవై దాకా భయంభయంగా, శ్రద్ధగా చేసిందన్నాడు. ఆ తర్వాత పంట కాలం గడువు ముంచుకొస్తుంటే ఎడాపెడా లాగి పారేసిందన్నాడు. అతను అలా అనుకోవడంలో వింతేమీ లేదు. పంటకు వంద సంచులు నిండనివాళ్ళను మళ్ళీ పిలవకూడదని అక్కడి నియమం.

మేడమ్ నడుం పట్టుకుని లేచి నిలబడింది. మొహం వాడిపోయింది.

"అరవై సంచులే చేసి ఊరుకున్నా నేనేమీ అనేదాన్ని కాదు," అంది. "ఒక పంట కాలం వెనక్కొస్తుందా? శనివారం దాకా రానివ్వండి. తర్వాత వద్దు."

పక్క మడిలో రెండు వందల ముప్పై వరసలు, సున్నా గుర్తువి. సూపర్‌వైజర్ అటువైపు అడుగైనా వేయలేదు. ఆరక్క వరసల్లో చూసేదేముంది అంటూ గట్టు మీద నిలబడే పుస్తకంలో 'సరి' అని రాసేశాడు. మేడమ్ తలూపి, ఆరక్క భుజం మీద చెయ్యి వేసి, నీలాంటివాళ్ళు ఇంకో నలుగురుంటే నాకీ తలనొప్పి ఉండేది కాదంది. ఆరక్కకు తల కొట్టేసినట్టయింది. మిగిలిన పుల్లలు చంకలో పెట్టుకుని షెడ్డు వైపు నడిచింది.

మధ్యాహ్నం మూడు దాటింది. షెడ్డులో కుండీల్లోని తల్లి మొక్కలు పూతకొచ్చి ఉన్నాయి. టైలరమ్మ ఒక వెన్ను ముందు కూర్చుని ఉంది. తనను తీసేస్తున్న కబురు అప్పటికే ఆమెకు చేరింది. అయినా పని ఆపలేదు. కత్తెరతో పువ్వు కొసను ఏటవాలుగా కత్తిరించింది. ఫోర్సెప్స్ మొన లోపలికి పోనిచ్చి, ఒక పక్కకు అదిమి, మెల్లగా పైకి లాగింది. నువ్వుగింజ కన్నా సన్నటి లేతపసుపు కేసరం బయటికొచ్చింది. దాన్ని ఒళ్ళో పరిచిన నల్లగుడ్డ మీద పెట్టింది. పక్కన ఇంకోటి. అలా ఆరూ వరసగా చేరాకే రెండో పువ్వు జోలికి పోయింది.

ఆ నల్లగుడ్డ ఆరక్క కనిపెట్టిందే. కొత్తవాళ్ళకు లెక్క కుదిరే దాకా ఒళ్ళో వేసుకోమంటుంది. చేయి తిరిగాక అందరూ మానేస్తారు, కేసరాలను బొటనవేలి గోటికి రాసేసి ముందుకు పోతారు. ఆరక్కయితే మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. టైలరమ్మ మాత్రం మానలేదు. అందుకే అందరూ మూడు వెన్నులు చేసే వేళకు ఆమెది ఒకటి అయ్యేది. అందుకే నిరుటి పంటలో అరవై దగ్గర ఆగిపోయింది.

అప్పుడే ఆరక్క ఆ పని చేసింది. పంట ఆఖరి రోజున, సంచులు పుస్తకంలోకి ఎక్కించే ముందు, తన సంచుల్లో ఇంకా గుర్తు వేయని నలభై తీసి, వాటి చీటీల మీద కొక్కేలు వేసింది. నిదానంగా చేసే మనిషిని నిదానమన్న ఒక్క తప్పుకు ఇంటికి పంపడం ఆవిడకు నచ్చలేదు. నలభై పోయినా తనకు లోటేముంది? మంచిపనే చేశానని వారం రోజులు లోలోపల సంతోషపడింది కూడా.

ఆరక్క తన పీట మీద కూర్చుని చాలాసేపు ఆ నల్లగుడ్డనే చూసింది.

"నీవి అరవైయేనని నీకు తెలుసు కదా?" అంది చివరికి.

టైలరమ్మ తలెత్తలేదు. "తెలుసక్కా."

"మరి మేడమ్‌తో చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నన్ను నిలబెట్టడానికి చీటీలు మార్చావనా? ఆ నలభైలో పచ్చమొక్కలు నీ చేతివనా?" ఆమె ఇంకో కేసరం తీసి గుడ్డ మీద పెట్టింది. "నీ దయతో ఒక పంట ఎక్కువ పనిచేశాను. అది చాల్లే అక్కా. నేను ఇంకెక్కడైనా కుట్టుకుని బతుకుతాను. నీకు ఇది తప్ప ఇంకేముంది?"

కోపంతో అన్నా ఆరక్క తట్టుకునేదేమో. టైలరమ్మ గొంతులో కోపం లేదు. ఆరక్క లేచి కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ ఒక్క వెన్ను కూడా ముట్టలేదు.

ఇంటికెళ్ళేసరికి ఇంటాయన వరండాలో కూర్చుని పాత గోడగడియారం విప్పి మరల్ని పళ్ళెంలో పోసుకుంటున్నాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి మానేసిన దగ్గర్నుంచి ఇంట్లో ఏ వస్తువునూ కుదురుగా ఉండనివ్వడు. ఆరక్క చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూర్చుని ఉన్నదంతా చెప్పింది.

ఆయనకు సగం ముందే తెలుసు. పోయిన ఏడాది కళ్ళ డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి తీసుకెళ్ళింది ఆయనే. షుగరు వల్ల కంటి లోపలి తెర మధ్యలో దెబ్బతిందని, పోయినంత మేర తిరిగి రాదని, అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరు చెప్పాడు. ఆ చూపు తీరే చిత్రం. దేన్ని సూటిగా చూడాలనుకుంటే అదే చెరిగిపోతుంది, దాని చుట్టూ ఉన్నవన్నీ కనిపిస్తాయి. తల కాస్త పక్కకు తిప్పి ఓరగా చూస్తే ఆ చెరిగిపోయింది కాసేపు దొరుకుతుంది. ఆరక్క ఆ ఓరచూపు అలవాటు చేసుకుంది. మిగిలింది చేతికే తెలుసనుకుంది. డాక్టరు ఇచ్చిన కాగితం దారపుండల డబ్బాలో అడుగున పెట్టేసింది.

"నీ పేరు ఎవరైనా ఎత్తారా?" అన్నాడాయన. లేదంది.

"మరి నీకెందుకు? ఇంకో రెండేళ్ళు గడిస్తే నువ్వే మానేస్తావు. ఇప్పుడు పోయి చెప్పావనుకో, చీటీలు మార్చిందని అంటారు, గుడ్డిదని అంటారు. ఇరవై ఆరేళ్ళ మంచిపేరు ఒక్క పూటలో మట్టిలో కలుస్తుంది." అని, ఆవిడ మొహం చూసి కాస్త తగ్గాడు. "ఇంట్లో కూర్చుంటే నీకు పిచ్చెక్కుతుందే. నాతో కలిసి గడియారాలు విప్పుతావా?"

ఆవిడ నవ్వలేకపోయింది. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. పొద్దున్నే ఆ షెడ్డు, ఆ పీట, వెన్ను పట్టుకున్నప్పుడు వేళ్ళకు తగిలే ఆ చల్లదనం లేకపోతే తను ఎవరో తనకే తెలియదు. అదే ఆవిడ భయం. పేరు పోతుందన్న భయం కన్నా అదే ఎక్కువ.

"ఒక్కటి చూసి చెబుతాను," అంది. "నా వరసలు ఎవరూ వంగి చూడలేదు."

మర్నాడు అందరికన్నా ముందు మడిలోకి దిగింది. ఎండ ఇంకా పైకి రాలేదు. నిన్న మిగిలిన పుల్లల కట్ట తెచ్చుకుంది. సున్నా గుర్తు మొదటి వరసలో మొదటి మొక్క దగ్గర వంగి, దుబ్బు విడదీసి, తల పక్కకు తిప్పి ఓరగా చూసింది. ఊదా. రెండోదీ ఊదా. మూడోదీ అంతే. పది వరసలు చూసినా పచ్చమొక్క దొరకలేదు. గుండె తేలికపడింది. ఆ నలభై ఏదో పాడు రోజున చేసినవై ఉంటాయి, మిగతావన్నీ బాగానే ఉంటాయి అనుకుంది. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో ఆవిడకు తెలుస్తూనే ఉంది.

పద్నాలుగో వరసలో పచ్చది దొరికింది.

కన్ను మోసం చేస్తోందేమోనని అటూ ఇటూ తల తిప్పి చూసింది. వేలితో మట్టి తుడిచి చూసింది. పచ్చనే. ఆవిడ కట్టలోంచి ఒక పుల్ల లాగి, తన మొక్క పక్కన తానే గుచ్చింది. అక్కణ్ణుంచి దొరుకుతూనే పోయాయి. మొదట్లో చేసినవాటిలో అక్కడొకటి అక్కడొకటి. తర్వాత తర్వాత చేసినవాటిలో వరస వరసకూ. పొద్దెక్కి వీపు మాడుతున్నా లేవలేదు. నూట డెబ్బయ్యో వరసలో కట్ట అయిపోయింది. లేచి చూస్తే సున్నా గుర్తు మడి నిండా ఎర్రపుల్లలు. ఆవిడ గట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మేడమ్ పొద్దుట మీటింగుకెళ్ళి మూడింటికి వచ్చింది. ఆరక్క ఆమెను మడి దగ్గరికి తీసుకెళ్ళింది. కొక్కెం గుర్తు సంచుల్లో ఆఖరి నలభై తనవేనని, గుర్తు తానే మార్చానని, తనకు చూపు చెడిందని ఉన్నదున్నట్టు చెప్పింది. సూపర్‌వైజర్ కూడా పరుగున వచ్చి నిలబడ్డాడు.

మేడమ్ పుల్లలకేసి చూసింది, ఆరక్కకేసి చూసింది. తర్వాత నవ్వింది.

"ఆరక్కా, నువ్వు ఆ అమ్మాయిని కాపాడాలనుకుంటున్నావు. నీ చెయ్యి సంగతి నాకు తెలియదా?" అంది. అంత పచ్చమొక్కలు ఆరక్క వరసల్లో ఉన్నాయంటే అది కేసరాల తప్పు కానే కాదని, విత్తేటప్పుడు గింజల పొట్లాలు కలిసిపోయి ఉంటాయని తేల్చేసింది. సూపర్‌వైజర్ వైపు తిరిగి, విత్తించింది ఎవరని అడిగింది.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. విత్తించింది అతనే.

నిన్న నోరు పారేసుకున్న మనిషి ఇప్పుడు నోరెత్తలేక నిలబడటం చూస్తే ఆరక్కకు ఒక్క క్షణం కసి తీరినట్టే అనిపించింది. తను మాట్లాడకపోతే చాలు. టైలరమ్మ ఉంటుంది, తనూ ఉంటుంది, నష్టం వీడి నెత్తిన పడుతుంది. కానీ ఆ మనిషి పొట్లం పొట్లానికీ చెయ్యి కడుక్కుని విత్తించడం ఆవిడ కళ్ళారా చూసింది. ఇరవై ఆరేళ్ళ నమ్మకం ఒకటి పోగేసుకుంది తను. అది ఇవాళ పక్కవాళ్ళ మీద పడి వాళ్ళ కూడు లాక్కుంటోంది.

"ఒక వెన్ను తెప్పించండి మేడమ్," అంది. "మీ ముందే పది పువ్వులు తీస్తాను."

"కావాలని వదిలేస్తే నాకు తెలిసిపోతుంది."

"కావాలని వదిలేయడం నా చేతికి రాదు."

షెడ్డులో వెలుతురు బాగా పడే కిటికీ దగ్గర పీట వేశారు. మేడమ్ ఎదురుగా కూర్చుంది. ఒళ్ళో పరుచుకోవడానికి ఏమీ లేక ఆరక్క టైలరమ్మ నల్లగుడ్డ అడిగి తీసుకుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ గుడ్డ మళ్ళీ ఆవిడ ఒళ్ళోకి వచ్చింది. వెన్నులో పది పువ్వులు ఉంచి మిగతావి కత్తిరించేసింది. పది పువ్వులు, అరవై కేసరాలు.

ఫోర్సెప్స్ పట్టుకోగానే చెయ్యి కుదురుకుంది. ఆవిడ ఓడిపోవడానికే కూర్చుంది. అయినా వేళ్ళు ఆ మాట వినలేదు, గెలవాలనే చూశాయి. ప్రతి పువ్వు దగ్గరా తల పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టి, మొన లోపల మెల్లగా తిప్పి, ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పెట్టింది. ఏ పువ్వుకా పువ్వు అన్నీ వచ్చేశాయనే అనిపించింది. అరవై వస్తే బాగుండునని మనసు కొట్టుకుంది. అరవై వస్తే టైలరమ్మ గతేమిటన్నది కూడా ఆ కాసేపు గుర్తు రాలేదు. తర్వాత జీవితాంతం ఆవిడ సిగ్గుపడింది దీనికే. పదో పువ్వు అయ్యాక ఫోర్సెప్స్ పక్కన పెట్టి చేతులు ఒళ్ళోంచి తీసేసింది.

లెక్కపెట్టమని మేడమ్ టైలరమ్మకు చెప్పింది. షెడ్డులో అందరికన్నా లెక్క ఖాయంగా ఉండేది ఆమెదేనని మేడమ్‌కు తెలుసు.

టైలరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డను తన వైపు లాక్కుని, సూది మొనతో ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ పెదాల్లో లెక్కపెట్టింది. ఆఖరికి వచ్చి ఆగింది.

"అరవై," అంది.

మేడమ్ మొహం వికసించింది. సూపర్‌వైజర్ తల దించుకున్నాడు. ఆరక్క టైలరమ్మ చేతికేసి ఓరగా చూసింది. సూది మొన ఖాళీ గుడ్డ మీద ఇంకా ఏదో జరుపుతున్నట్టే కదులుతోంది. లెక్క ముగిశాక ఆ చెయ్యి అలా తడుముకోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"మళ్ళీ లెక్కపెట్టు," అంది ఆరక్క.

"అరవయ్యే అక్కా."

"ఒకసారి నేను నీకోసం దొంగలెక్క రాశాను. అది ఎందాకా వచ్చిందో చూశావుగా. నువ్వు కూడా రాయకు." ఆవిడ గొంతు గట్టిగా లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. "నీకు లెక్క నేర్పింది నేను. పైకే లెక్కపెట్టు, తల్లీ."

టైలరమ్మ మొదట్నుంచి మొదలుపెట్టింది. ఈసారి పైకే. ఒకటి, రెండు, మూడు. షెడ్డులో పక్క పీటల మీద కత్తెరలు ఆగిపోయాయి. యాభై దాటాక ఆమె సూదిని ఇంకా మెల్లగా జరిపింది. యాభై అయిదు. యాభై ఆరు. ఆ తర్వాత సూదికి జరపడానికి గుడ్డ మీద ఏమీ లేదు.

మేడమ్ భూతద్దం తీసుకుని పది పువ్వులూ తానే చూసింది. మూడో పువ్వులో ఒకటి, ఏడో దాంట్లో రెండు, తొమ్మిదో దాంట్లో ఒకటి. భూతద్దం దించి పక్కన పెట్టింది. తర్వాత ఆరక్క చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, నాకు ముందే ఎందుకు చెప్పలేదక్కా అంది. టైలరమ్మను పనిలోంచి తీయడం లేదని, పొట్లాల మాట తను అనకుండా ఉండాల్సిందని సూపర్‌వైజర్‌తో చెప్పింది మేడమ్. రేపట్నుంచి ఆరక్క ఆ పీట మీద కూర్చోదని ఎవరూ అనలేదు. అనాల్సిన పనిలేదు.

మేడమ్ లేవబోతుంటే ఆరక్క ఆపింది. వెన్ను ఇంకా తన చేతిలోనే ఉంది.

"దీన్ని ఇలా వదిలేస్తారా? నాలుగు లోపలే ఉన్నాయి. పొద్దుటికి పువ్వు విచ్చుకుంటుంది." అని ఫోర్సెప్స్ తుడిచి, టైలరమ్మ చేతికిచ్చి, పీట మీద నుంచి లేచింది.

టైలరమ్మ ఆ పీట మీద కూర్చుంది. మూడో పువ్వులోంచి ఒకటి తీసి గుడ్డ మీద పెట్టింది. యాభై ఏడు. ఏడో దాంట్లోంచి రెండు, తొమ్మిదో దాంట్లోంచి ఒకటి. పక్కన నిలబడి ఆరక్క ప్రతిదానికీ అంకె పలికింది. అరవై అన్నాక తనే కాగితం సంచి తొడిగి, అంచు మడిచి, పిన్ను పెట్టింది. చీటీ కొంచెం దూరంగా పట్టుకుని, తల పక్కకు తిప్పి, పెన్సిలుతో నెమ్మదిగా కొక్కెం గుర్తు వేసింది.